కత్తి పడకముందే అడగాల్సినవి

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు. ఈసారి మటన్ కొట్టు గురించి.

ప్రశ్న: ఎప్పుడూ ఒకే కొట్టులో కొంటాను, ఒకేలా వండుతాను. ఒక ఆదివారం మాంసం ఇట్టే ఉడుకుతుంది, మరో ఆదివారం ఎనిమిది విజిళ్ళు వచ్చినా సాగుతూనే ఉంటుంది. కొట్టతను ముదురు మాంసం అంటగడుతున్నాడా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

ఉండొచ్చు. కానీ అతన్ని అనుమానించే ముందు కోసిన వేళేమిటో, వండిన వేళేమిటో చూడండి. తెల్లవారుజామున నాలుగైదింటికి కోసిన వేటను ఏడింటికి తెచ్చి, ఇంకా వెచ్చగా ఉండగానే పొయ్యెక్కిస్తే మెత్తగా ఉడుకుతుంది. తర్వాత్తర్వాత కండ బిగుసుకుంటుంది. ప్రాణం పోయాక కండలో మిగిలిన శక్తి కాస్తా అయిపోతుంది, దాంతో అందులోని పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. పొద్దున తెచ్చిన మాంసాన్ని చుట్టాలొచ్చాక మధ్యాహ్నం వండారంటే, సరిగ్గా ఆ బిగుసులో వండినట్టు. అదే మాంసాన్ని ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితే కండలో ఉన్న ఎంజైములే ఆ పట్టు సడలిస్తాయి.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకోటుంది. వెచ్చటి ముక్కల్ని తెచ్చీ తేగానే డీప్ ఫ్రీజర్‌లో పడేస్తారు. బిగుసుకోవడం పూర్తికాకముందే 10 డిగ్రీల కిందికి చల్లబడిన కండ ముడుచుకుపోతుంది. అలాంటిది ఎన్ని విజిళ్ళు పెట్టినా గట్టిగానే ఉంటుంది. అలాగని బయట వదిలేస్తే మన ఎండలకు పాడవుతుంది. మర్నాటికి కావాలంటే ముక్కలు కొట్టించకండి. తొడనో జబ్బనో ఎముకతో సహా ఒకే ముక్కగా తెచ్చి, మూత పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. పెద్ద ముక్క నెమ్మదిగా చల్లబడుతుంది, పైగా ఎముకను అంటుకుని ఉన్న కండ ముడుచుకోలేదు. ఫ్రీజర్‌లో దాచేదైనా సరే, ఆ 24 గంటలు గడిచాకే.

ఇంత చేసినా ఉడక్కపోతే అది ముదురు మాంసమే. కిలోకు రెండు టీస్పూన్ల పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి 45 నిమిషాలు ఉంచండి. రాత్రంతా నానబెట్టారో, పైన పిండిలా అయిపోతుంది, లోపల మాత్రం గట్టిగానే ఉంటుంది.

ప్రశ్న: పొట్టేలు అడిగితే ఈనిన గొర్రెను కొట్టి ఇస్తున్నారని అనుమానం. వేలాడదీసిన యాటను చూసి పోల్చుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

మగదని చూపడానికే చాలామంది కటికవాళ్ళు వట్టలను ఒంటికి అలాగే వదిలేస్తారు. అవి లేకపోతే వెనక తొడల మధ్య చూడండి. ఈనిన గొర్రెకు పొదుగు కోసేసిన చోట మెత్తగా, గుల్లగా ఉంటుంది.

వయసు సంగతి పక్కటెముకలు చెబుతాయి. లేతదానికి అవి సన్నగా, గుండ్రంగా, ఎర్రజీరతో ఉంటాయి. ముదిరిన కొద్దీ వెడల్పై, చదునై, తెల్లబడతాయి. కొట్టులో తలకాయ కనిపిస్తే కింది పెదవి లాగి పళ్ళు చూడండి. పై దవడకు ముందు పళ్ళుండవు, కింది దవడకే ఉంటాయి. అన్నీ చిన్న పాలపళ్ళే అయితే దాదాపు ఏడాది లోపుది. మధ్యలో రెండు పెద్ద పళ్ళు వస్తే ఏడాది, ఏడాదిన్నరది. నాలుగుంటే రెండేళ్ళ దగ్గర పడింది. ఎనిమిదీ నిండితే నాలుగేళ్ళ ముదురు. కూరకు రెండు పళ్ళ పొట్టేలు మేలు: రుచీ ఉంటుంది, ఉడుకుతుంది కూడా. ఇంతా చేసి ఆ తలకాయ ఆ ఒంటిదేనా అన్నది కొట్టతని నిజాయితీ మీదే ఆధారపడాలి.

మేకా గొర్రా అన్న అనుమానమైతే వీపు చూడండి. గొర్రెకు వీపు మీద కొవ్వు పరచుకుని ఉంటుంది, మేకకు అక్కడ పలుచన, కొవ్వంతా ఎక్కువగా కడుపులో మూత్రపిండాల చుట్టూ చేరుతుంది. మన దగ్గర మటన్ అంటే చాలాచోట్ల గొర్రే. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలోనే మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. ముక్కలు కొట్టాక మాత్రం కంటితో తేల్చలేం, డీఎన్‌ఏ పరీక్ష చెయ్యాల్సిందే. అందుకే చూసేదేదో మొద్దు మీదికి ఎక్కకముందే చూడాలి.

ప్రశ్న: బిర్యానీకీ, పులుసుకీ, కైమాకీ ఏ భాగం అడగాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు

"కిలో కొట్టు" అనకుండా ఏం వండుతారో చెప్పండి. పులుసుకు మెడ, జబ్బ, పక్కటెముకలు. వీటిలోని నరాలు, పొరలు కరిగి పులుసు చిక్కబడుతుంది. ముక్క 30–40 గ్రాములు చాలు. బిర్యానీకి తొడ, జబ్బ కలిపి, కిలోకు పదిహేను ముక్కలు మించకుండా కొట్టమనండి, చిన్నవైతే దమ్ములో విడిపోతాయి. వేపుడుకు తొడ కండ. నల్లి ఎముకను నిలువునా చీలిస్తే మూలుగంతా మొద్దు మీదే పోతుంది, రెండంగుళాల ముక్కలుగా అడ్డంగా కొట్టించుకోండి. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి ముక్కల్ని కదిపి పైకి తీసుకుంటే ఎముక పలుకులు అడుగున ఉండిపోతాయి.

కైమా ముందే కొట్టి పోగు పెట్టింది వద్దు. జబ్బ కండ చూపించి, కడిగించి, నీళ్ళు వార్చాక మిషన్‌లో వేయించండి. కొట్టాక కడిగితే రసమంతా పోతుంది. మొదట వచ్చే గుప్పెడు పక్కన పెట్టమనండి, అది ముందు వచ్చినవాళ్ళది. కిలోకు 100–150 గ్రాముల కొవ్వు లేకపోతే ఉండలు పొడిబారతాయి. కూరకు ఒకసారి తిప్పితే చాలు, ఉండలకు రెండుసార్లు.

ప్రశ్న: బోటి ఎంత కడిగినా వాసన పోదు, నల్లపొర ఊడి రాదు.
– ఒక పాఠకుడు, వరంగల్

మీరు మరిగే నీళ్ళు పోస్తున్నట్టున్నారు. మరిగే నీళ్ళకు పొర గట్టిపడి కరుచుకుంటుంది. రెండు చెంబుల మరిగిన నీళ్ళకు ఒక చెంబు చన్నీళ్ళు కలపండి. ముందు పొట్టను చీల్చి, పేడంతా చల్లటి నీళ్ళతో పోగొట్టి, ఈ వేడి నీళ్ళలో ఒక నిమిషం ముంచి గోటితో గీకి చూడండి. పొర కదిలితే వెంటనే తీసి కత్తి వెనకవైపుతో గీకెయ్యండి, కదలకపోతే మరో అర నిమిషం. మొండికేసిన చోట చిటికెడు తమలపాకు సున్నం రుద్ది, బాగా కడిగెయ్యండి.

వాసన అసలు దాగేది పొరలు పొరలుగా ఉండే మూడో పొట్టలో. ఒక్కో పొరా విడదీసి కడగాలి. పేగులను సన్నటి పుల్లతో లోపలివైపు బయటకు తిప్పి, కారే నీటి కింద పట్టి కడగండి. తర్వాత ఉప్పు, పసుపు వేసి పది నిమిషాలు ఉడికించి, ఆ నీళ్ళు పారబొయ్యండి. కండ కన్నా బోటి చాలా ముందు పాడవుతుంది, తెచ్చిన రెండు గంటల్లో ఈ పనంతా అయిపోవాలి.

ప్రశ్న: తలకాయ కొట్టిస్తే ముక్కులోంచి తెల్లటి పురుగులు వచ్చాయి. తినొచ్చా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

అవి గొర్రెల ముక్కులో ఒక రకం ఈగ పెట్టిన పిల్లలు. ముక్కు సందుల్లో, నుదుటి గుల్లల్లో ఉంటాయి గానీ కండలోకి పోవు. కాల్చి గీకిన తర్వాత తలను నిలువునా రెండుగా చీల్చమనండి. మెదడు విడిగా తీయించి, ముక్కు లోపలి పలుచని ఎముకలు, జిగురు పూర్తిగా తీయించి పారేసి, కడిగి వండుకోండి.

ప్రశ్న: తూకం తగ్గిందని ఎవరితో చెప్పాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

కాటా మీద ఏమీ లేనప్పుడు సున్నా చూపిస్తోందో లేదో ముందే చూసుకోండి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి, ఆ పత్రం చూపించమని అడగొచ్చు. చూపకపోతే ఆ శాఖకు గానీ, వినియోగదారుల సహాయ నంబరు 1915కు గానీ ఫిర్యాదు చెయ్యండి.