బ్యాంకు పడిపోతే మన అప్పేమవుతుంది, మన డబ్బేమవుతుంది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్యాంకులు మూతపడటం గురించే. తిరుపతి, చిత్తూరు వైపు నుంచే చాలా వచ్చాయి. ఒకేలా ఉన్నవి కలిపేశాను, పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయలేదు.

ప్రశ్న: చిత్తూరులో మాది బెల్లం మండీ సార్. ఇంటి పత్రాలు పెట్టి ఒక కోఆపరేటివ్ బ్యాంకులో 18 లక్షల ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, లిమిట్ దాకా వాడుకునే అప్పు) తీసుకున్నాం. ఇప్పుడు ఆ బ్యాంకు మీద ఆర్బీఐ ఆంక్షలు పెట్టింది. మార్కెట్లో అందరూ "బ్యాంకే పోతా ఉంటే నువ్వెందుకు కడతావన్నా, ఊరికే ఉండు" అంటున్నారు. ఆపేయొచ్చా? (వ్యాపారి, చిత్తూరు)

జవాబు: ఆపొద్దన్నా. ఆ మాట చెప్పేవాళ్ళలో ఒక్కడు కూడా రేపు మీ ఇంటి గోడకి నోటీసు అంటించిన రోజున వచ్చి నిలబడడు. మీరు కట్టాల్సిన అప్పు బ్యాంకు లెక్కల్లో ఆస్తి, బ్యాంకు పోయినా ఆ ఆస్తి ఎవరో ఒకరి చేతికి వెళ్తుంది, ఇంకో బ్యాంకులో కలిపేస్తే ఆ బ్యాంకుకి, లైసెన్సు రద్దయితే లిక్విడేటరుకి, అంటే బ్యాంకు ఆస్తులు అమ్మి బాకీలు సర్దే అధికారికి. హైదరాబాదులో 1994లో పెట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు గుర్తుందా? 2004 జులైలో మారటోరియం పెట్టారు, అంటే చెల్లింపులు కొన్నాళ్ళు ఆపారు, ఆగస్టుకల్లా ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు, ఆ ఓరియంటల్ బ్యాంకు కూడా 2020 ఏప్రిల్ 1న పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిసిపోయింది. అంటే ఆ గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకులో (జీటీబీ) ఇరవై ఏళ్ళ ఇంటిలోను తీసుకున్నవాళ్ళకి బ్రాంచి బోర్డు రెండుసార్లు మారుంటుంది, ఈఎంఐ తేదీ మాత్రం నెలనెలా వస్తూనే ఉండి ఉంటుంది.

మీకు అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది, దాన్ని ఎవరూ చెప్పట్లేదు. ఆంక్షలున్న బ్యాంకు ఆర్బీఐ రాతపూర్వక అనుమతి లేకుండా కొత్త లోను ఇవ్వకూడదు, పాతది రెన్యువల్ చేయకూడదు. మీది ఓడీ, ఏడాదికోసారి రెన్యువల్ చేయించుకునే రకం. మండీకి సరుకు వచ్చే టైముకి లిమిట్ ఉండదు, రైతుకి అడ్వాన్సు ఇవ్వడానికి చేతిలో దుడ్లుండవు, అకౌంటు లిమిట్ దాటి 90 రోజులు అట్లానే ఉంటే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయిపోతుంది. అప్పుడు సర్ఫేసీ చట్టం (కోర్టుకెళ్ళకుండానే బ్యాంకు తాకట్టు ఆస్తిని తీసుకునే చట్టం) కింద 60 రోజుల నోటీసు, ఆ తర్వాత స్వాధీనం. కోఆపరేటివ్ బ్యాంకుకి సర్ఫేసీ వర్తించదులే అని కొంతమంది వకీళ్ళు ఇప్పటికీ చెప్తుంటారు, ఆ వాదన 2020 మే నెలలో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి దగ్గర తేలిపోయింది, వర్తిస్తుంది. స్వాధీనం దాకా వస్తే మీకుండే దారి 45 రోజుల్లోపు డీఆర్‌టీకి, అంటే అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్ళడం.

కాబట్టి ఇప్పుడే వేరే బ్యాంకుకి వెళ్ళి టేకోవర్ అడగండి, అంటే మీ అప్పుని వాళ్ళ దగ్గరికి మార్చుకోమనండి. అకౌంటు రెగ్యులర్‌గా ఉన్నప్పుడు అడిగితే మాట్లాడతారు, ఎన్‌పీఏ పడ్డాక మొహం చూడరు. పాత బ్యాంకులో స్టేట్‌మెంటు, బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ సీలుతో తీసుకోండి. కట్టే ప్రతి రూపాయి అకౌంటు ద్వారానే కట్టండి, రికవరీ ఏజెంటు అని ఇంటికొచ్చినవాడి చేతికి నోట్లు ఇవ్వొద్దు. ఇంకోటి, అప్పు తీరాక 30 రోజుల్లో పత్రాలు ఇవ్వకపోతే రోజుకి 5,000 ఇవ్వాలనే ఆర్బీఐ రూలు ఉంది కదా అని రాశారు, ఉంది, 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది, కానీ అది ఇంటిలోనులాంటి పర్సనల్ లోన్లకి. మీది వ్యాపారం ఓడీ, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: మా ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 9 లక్షలు నా పేరు మీద ఆంక్షలున్న ఆ కోఆపరేటివ్ బ్యాంకులోనే ఎఫ్‌డీ వేశాం. అక్కడే నా పేరు మీద 2 లక్షల లోను కూడా ఉంది. అంతా పోయినట్టేనా సార్? (గృహిణి, తిరుచానూరు)

జవాబు: పోలేదమ్మా, కంగారు పడకండి. డిపాజిట్ ఇన్సూరెన్స్ అని ఉంది, డీఐసీజీసీ అంటారు, ఆర్బీఐ వాళ్ళదే. 2020 ఫిబ్రవరి 4 దాకా లక్షే ఉండేది, ఆ రోజు నుంచి 5 లక్షలు చేశారు, అసలూ వడ్డీ కలిపి. ఒక మనిషికి ఒక బ్యాంకులో మొత్తం 5 లక్షలు అన్నమాట, తిరుపతి బ్రాంచిలో కొంత, రేణిగుంట బ్రాంచిలో కొంత వేసినా రెండూ కలిపే చూస్తారు. మీ ఒక్కరి పేరున్నది వేరు, మీరూ మీ ఆయనా జాయింటుగా వేసుకుంటే అది వేరు, దానికి ఇంకో 5 లక్షలు. ఇది ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో అని మీరనుకుంటారు, నిజమే, కౌంటర్లో ఎఫ్‌డీ ఫారం ఇచ్చేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

2021లో చట్టం మార్చారు కాబట్టి లైసెన్సు రద్దయ్యేదాకా ఆగక్కర్లేదు, విత్‌డ్రాయల్స్ ఆపేలా ఆంక్షలు పెడితే 90 రోజుల్లో ఇన్సూరెన్సు డబ్బు రావాలి. మొదటి 45 రోజుల్లో బ్యాంకు లిస్టు పంపాలి, తర్వాత 45 రోజుల్లో డీఐసీజీసీ చూసి ఇస్తుంది. మీరు చేయాల్సింది బ్రాంచికెళ్ళి సమ్మతి పత్రం నింపి, వేరే బ్యాంకులో మీ అకౌంటు నెంబరు ఇవ్వడం. కేవైసీలో ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి, ఎక్కువమందికి డబ్బు ఆగిపోయేది అక్కడే.

ఇక లోను సంగతి. ఇన్సూరెన్సు లెక్క వేసేటప్పుడు మీరు బ్యాంకుకి బాకీ ఉన్నది తీసేస్తారు. 9లోంచి 2 పోతే 7, అందులో 5 వస్తుంది, మిగతా 2 లక్షలకి బ్యాంకు ఆస్తులు అమ్మినప్పుడు వంతు రావాలి, దానికి ఏళ్ళు పట్టొచ్చు. లోను తీసేసుకున్నారే అని బాధపడకండమ్మా, మీలాగా 5 లక్షలు దాటినవాళ్ళకి ఇది నిజానికి మేలే, ఎప్పుడొస్తుందో తెలియని 2 లక్షలతో మీ అప్పు రూపాయికి రూపాయి తీరిపోయింది. అయితే అక్కడే మీ చెల్లెలికి ఎఫ్‌డీ ఉన్నా దాంతో మీ లోను సర్దడం కుదరదు, ఎవరి డిపాజిట్ వాళ్ళ అప్పుకే. లోను ఇచ్చేటప్పుడు షేర్ల కింద కట్ చేసుకున్న డబ్బు ఉంటుంది చూడండి, అది డిపాజిట్ కాదు, ఇన్సూరెన్సు రాదు.

ప్రశ్న: మా బావమరిది లోనుకి ష్యూరిటీ సంతకం పెట్టా. ఇప్పుడు బ్యాంకే లేదు కదా, నేను ఫ్రీయేనా? (శ్రీకాళహస్తి)

జవాబు: కాదు. కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం బావమరిది ఎంతకి బాధ్యుడో మీరూ అంతకే, లిక్విడేటరు ముందు మీ దగ్గరికే వచ్చినా నన్నెందుకని మీరు అడగలేరు. బావమరిదితో ఈ వారమే కూర్చుని మాట్లాడండి.

ప్రశ్న: ఆంక్షలున్న బ్యాంకులో కుదువ పెట్టిన నగలు తిరిగొస్తాయా? (పుత్తూరు)

జవాబు: వస్తాయి. నగలు మీవి, బ్యాంకు దగ్గర తాకట్టులో ఉన్నాయంతే, అసలూ వడ్డీ కట్టి విడిపించుకోండి. నగలు తూచే అప్రైజరు గ్రాములు రాసిచ్చిన చీటీ జాగ్రత్త, వస్తువు వస్తువూ దాంతో సరిచూసుకున్నాకే రిజిస్టర్లో సంతకం పెట్టండి.

ప్రశ్న: చిత్తూరు సప్తగిరి గ్రామీణ బ్యాంకు బోర్డు తీసేశారు, అది కూడా మునిగిందా? (గంగాధర నెల్లూరు)

జవాబు: లేదప్పా. రాష్ట్రానికి ఒకటే గ్రామీణ బ్యాంకు ఉండాలని 2025 మే 1 నుంచి నాలుగూ కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు. డిపాజిట్లు, లోన్లు అన్నీ అందులోకి వెళ్ళాయి.

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీలో లా చదువుతున్నా సార్. బ్యాంకు మునిగితే డిపాజిటర్లు రోడ్డు మీద పడతారు, చైర్మన్లు మాత్రం బెయిల్ మీద తిరుగుతారు. వాళ్ళకి శిక్షే లేదా? (విద్యార్థి, తిరుపతి)

జవాబు: చట్టం లేక కాదు నాయనా, చట్టాలు చాలానే ఉన్నాయి. ముందొకటి, బ్యాంకు నష్టపోవడమే నేరం అవదు, మంచి నమ్మకంతో ఇచ్చిన లోను మునిగితే మేనేజరుని జైల్లో పెట్టరు, పెడితే రేపు ఎవరూ లోనివ్వరు. తెలిసి దొంగలెక్కలు రాస్తే, డైరెక్టర్ల మనుషులకే పంచుకుంటే అది నేరం. ముంబై పీఎంసీ బ్యాంకు చూడు, ఇచ్చిన లోన్లలో 70 శాతానికి పైన ఒకే రియల్ ఎస్టేట్ గ్రూపుకి, అది కనపడకుండా 21 వేలకి పైగా ఉత్తుత్తి అకౌంట్లు. 2019లో ఎండీ, ఆ గ్రూపు యజమానులు అరెస్టయ్యారు. ఇలాంటివాటికి నమ్మకద్రోహం సెక్షను, పాత ఐపీసీలో 409, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 316(5), బ్యాంకరు చేస్తే యావజ్జీవం దాకా వెళ్తుంది. దాని మీద మనీ లాండరింగ్ కేసు కూడా పడొచ్చు.

నువ్వు లా స్టూడెంటువి కాబట్టి పైన చెప్పిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు (జీటీబీ) కేసు తీర్పు వెతికి చదువు. ప్రైవేటు బ్యాంకు చైర్మన్ ప్రభుత్వోద్యోగి కాదు కదా, అవినీతి నిరోధక చట్టం ఆయనకెట్లా వర్తిస్తుంది అని ఆ బ్యాంకు చైర్మన్ రమేశ్ గెల్లి తరఫున వాదించారు. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 46ఏ సెక్షన్ చూపించి, అవినీతి నిరోధక చట్టం వరకు వాళ్ళూ పబ్లిక్ సర్వెంట్లే అంది. మన హైదరాబాదు బ్యాంకు మునిగితే వచ్చిన తీర్పు ఇవాళ దేశంలో ప్రతి ప్రైవేటు బ్యాంకు ఎండీకీ వర్తిస్తోంది. ఇంక కోఆపరేటివ్ అయితే మన ఏపీ సహకార చట్టం 1964లో 60వ సెక్షన్ సర్‌చార్జి ఉంది, నష్టానికి కారణమైన పాలకవర్గం సొంత జేబులోంచి కట్టాలి. జైలు కంటే నాకు ఇదే నచ్చుతుంది, కానీ దీన్ని గట్టిగా వాడించేవాళ్ళు తక్కువ.

ఒకటి మాత్రం గుర్తుంచుకో, అరెస్టుకీ డిపాజిటరు డబ్బు రావడానికీ సంబంధం లేదు. పీఎంసీని 2022 జనవరిలో యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిపారు, 5 లక్షలు దాటినవాళ్ళలో పెద్ద మొత్తాలున్నవాళ్ళు పదేళ్ళ దాకా ఆగాలి.

ప్రశ్న: ఎఫ్‌డీ కంటే వడ్డీ ఎక్కువని ఒక బ్యాంకు బ్రాంచిలోనే బాండ్లు అమ్మారు. వాటికీ ఇన్సూరెన్సు ఉందా? (రిటైర్డ్ టీచర్, తిరుపతి)

జవాబు: లేదు మాస్టారూ. డిపాజిటరూ బ్యాంకుకి అప్పిచ్చినవాడే, బాండు కొన్నవాళ్ళూ అప్పిచ్చినవాళ్ళే, కానీ క్యూలో బాండువాళ్ళు వెనక. ఏటీ1 అనే రకమైతే, అంటే తిరిగి కట్టే తేదీ లేని, బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగలిగే బాండైతే, ఇంకా వెనక. 2020 మార్చిలో యెస్ బ్యాంకుని నిలబెట్టినప్పుడు డిపాజిటర్లకి రూపాయి పోలేదు, ఏటీ1 బాండ్లు మాత్రం 8,415 కోట్లు ఒక్క దెబ్బతో సున్నా చేశారు. బాంబే హైకోర్టు 2023 జనవరిలో అది చెల్లదంది, వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకుని డీబీఎస్ బ్యాంకులో కలిపినప్పుడు షేర్లున్నవాళ్ళకి ఏమీ మిగల్లేదు. మీ బాండు కాగితం మీద ఏం రాసుందో చూడండి, "పర్పెచువల్" (గడువు లేనిది) అని ఉంటే ఆ బ్యాంకు బాగున్నప్పుడే మార్కెట్లో అమ్ముకోవడం మేలు.

ప్రశ్న: మా ఊర్లో సొసైటీలో 3 లక్షలు వేశా, బోర్డు మీద బ్యాంకు అన్నట్టే ఉంది, ఇప్పుడు తాళం వేశారు. 5 లక్షల ఇన్సూరెన్సు నాకొస్తుందా? (పలమనేరు)

జవాబు: 1995 మ్యాక్స్ చట్టం (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) కింద రిజిస్టరైన పొదుపు సొసైటీ అయితే రాదు. ఆర్బీఐ లైసెన్సున్న బ్యాంకులకే ఆ ఇన్సూరెన్సు, సొసైటీలకి, చిట్టీలకి లేదు. మీ పాస్‌బుక్కు మొదటి పేజీలో రిజిస్ట్రేషన్ నెంబరు, ఏ చట్టం కింద అనేది ఉంటుంది, అది జిరాక్సు తీసుకుని జిల్లా సహకార శాఖ ఆఫీసులో కంప్లైంటు ఇవ్వండి, దాని మీద సీలు వేయించుకోండి. పోలీసు కంప్లైంటులో 1999 నాటి ఏపీ డిపాజిటర్ల రక్షణ చట్టాన్ని కూడా ప్రస్తావించండి, ఆ చట్టం కింద నిర్వాహకుల ఆస్తులు జప్తు చేసే వీలుంది. మీలాగా డబ్బు వేసినవాళ్ళంతా కలిసి వెళ్ళండి, ఆలస్యం చేస్తే ఆ ఆస్తులు చేతులు మారిపోతాయి.