ఆ నీళ్ళ సంగతి తర్వాత, ముందు కాళ్ళ వాపు చూపించండి

ప్రశ్న: మా నాయనకు 61 ఏళ్ళు. తొమ్మిదేళ్ళుగా షుగర్, బీపీ ఉన్నాయి. ఫంక్షన్ హాల్లో డెమో చూసి స్ట్రక్చర్డ్ వాటర్ మిషన్ కొన్నాం. షట్కోణాకారంలో ఉండే ఈ నీళ్ళు కణాల్లోకి తొందరగా పోతాయని, షుగర్ దానంతటదే దిగుతుందని చెప్పారు. రోజుకు నాలుగు లీటర్లు తాగుతూ, మాత్రలు సగానికి తగ్గించారు. ఈమధ్య సాయంత్రానికి కాళ్ళు కాస్త వాస్తున్నాయి. ఈ నీళ్ళు చిన్నపిల్లలకు కూడా ఇవ్వొచ్చా?
- ఒక పాఠకుడు, ఉరవకొండ

జవాబు: పిల్లల సంగతి చివర్లో చెబుతాను. మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన కాళ్ళ వాపే నన్ను కంగారు పెడుతోంది. కారణం కిడ్నీ కావచ్చు, గుండె కావచ్చు, ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్ర కూడా కావచ్చు. మనిషిని చూడకుండా ఫలానా అని చెప్పలేను. రేపే ఫిజీషియన్‌కు చూపించండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు, రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ, గుండెకు ఈసీజీ అవసరం పడొచ్చు. పడుకుంటే ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, వాంతులు పట్టుకున్నా రేపటిదాకా ఆగకండి.

మాత్రలు తగ్గించమని ఎవరు చెప్పారు? మిషన్ అమ్మినాయనా? షుగర్, బీపీ పెరిగినా చాలామందికి పైకేమీ తెలియదు. 'బాగానే ఉన్నాను కదా' అని నెలలు గడిపేస్తారు. కిడ్నీ చాలావరకు దెబ్బతిన్నాక గానీ మా దగ్గరికి రారు. వేలు పోసి మిషన్ కొన్నవాళ్ళు ఒక్క రక్తపరీక్ష చేయించి ఉండాల్సింది. అలాగని పాత డోసు మీ అంతట మీరే మొదలుపెట్టకండి. కిడ్నీ పనితీరును బట్టి మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ మాత్రలు మార్చాల్సి రావచ్చు. ఇప్పుడు వేసుకుంటున్నవి మాత్రం ఆపొద్దు. అన్నట్టు, నాలుగు లీటర్లు తాగగలుగుతున్నారంటే అది నీళ్ళ మహిమ కాకపోవచ్చు, షుగర్ పెరిగి దాహం వేస్తోందేమో చూడాలి. వాపు ఉన్నప్పుడు ఎన్ని నీళ్ళు తాగాలో కూడా డాక్టరే చెప్పాలి.

ఇక షట్కోణాలు. నీటి అణువుల మధ్య బంధాలు సెకనులో లక్ష కోట్ల వంతు కాలంలోనే తెగి మళ్ళీ కలుస్తుంటాయి. మిషన్‌లోంచి గ్లాసులోకి వచ్చేదాకా కూడా ఏ ఆకారమూ నిలవదు. డెమోలో చుక్కలు వేస్తే నీళ్ళు నీలంగా మారాయా? అది క్షారగుణం చూపే రంగు, చిటికెడు వంటసోడా వేసినా అంతే. కడుపులో యాసిడ్ తగిలాక ఆ క్షారమూ మిగలదు. రక్తం పీహెచ్‌ని, అంటే ఆమ్ల-క్షార స్థాయిని, 7.35-7.45 మధ్య కాపాడేది ఊపిరితిత్తులు, కిడ్నీలు.

పిల్లలకు ఈ నీళ్ళతో ప్రత్యేకంగా వచ్చే లాభం లేదు. మీ వైపు బోరునీళ్ళయితే అడగాల్సింది ఫ్లోరైడ్ గురించి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, కాచినా అది పోదు. శాంపిల్ గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఇచ్చి చూపించండి. ఎక్కువని తేలితే ఆర్వో నీళ్ళు గానీ, శుద్ధి చేసిన కుళాయి నీళ్ళు గానీ వాడండి.