గోళ్ల మీద గీత, కుంచె చేతిలో: నెయిల్ ఆర్ట్ బ్రష్‌లపై పాఠకుల ప్రశ్నలు

బతుకమ్మ దగ్గరపడుతుంటే గోళ్ల మీద తంగేడు, గునుగు, బంతి వేయించుకునేవాళ్లు పెరుగుతారు. మూలన పడి ఉన్న కుంచెలు అప్పుడే బయటికొస్తాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాటి గురించే. సగం ఉత్తరాల్లో ఒకటే మాట: 'అసిటోన్‌ల (పాలిష్ తీసే ద్రవంల) కడిగినం'. చిక్కంతా అక్కడే మొదలైంది.

ప్రశ్న: ఇంట్లనే చిన్న పార్లర్ నడుపుతున్న. జెల్ పాలిష్‌తోని గీతలు గీసే లైనర్ బ్రష్ రెండు నెలలకే పుల్ల లెక్క గట్టిపడ్డది. అసిటోన్‌ల రాత్రంతా నానబెడితే గట్టిదనం పోలేదు గని వెంట్రుకలు ఊడిపోయినయి. బ్రష్ నాసిరకందా, నేనే ఏమన్న తప్పు చేసిన్నా?
– ఒక పాఠకురాలు, నక్కలగుట్ట, హన్మకొండ

జవాబు: బ్రష్‌ను అనుమానించే ముందు దాన్ని ఎక్కడ పెడుతున్నారో చూడండి. జెల్ పాలిష్ మామూలు పాలిష్‌లా గాలికి ఆరదు. ల్యాంప్ నుంచి వచ్చే 365–405 నానోమీటర్ల కాంతి తగిలితే అందులోని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా బిగుసుకుంటాయి. బిగుసుకోక ముందైతే ఆల్కహాల్‌కే కరిగిపోతుంది. బిగుసుకున్నాక అసిటోన్‌లో ఉబ్బి మెత్తబడుతుందే తప్ప కరగదు. గోరు మీది జెల్ తీయడానికి 10–15 నిమిషాలు నానబెట్టి, ఆపైన పుల్లతో గీకుతాం కదా, అందుకే. ఆ గీకుడుకు గోరు ఓర్చుకుంటుంది, సన్నటి నైలాన్ వెంట్రుక ఓర్చుకోదు. పైగా మెటల్ గొట్టం లోపల వెంట్రుకలను పట్టి ఉంచేది జిగురు. రాత్రంతా అసిటోన్‌లో ఉంటే అది వదులవుతుంది. మీ బ్రష్‌కు వెంట్రుకలు ఊడింది అలాగే.

ఇక ఆ కాంతి ఎక్కడిది? చాలామంది ల్యాంప్ నోటి ముందే, చేతికి అందేలా బ్రష్ పెట్టుకుంటారు. కస్టమర్ చెయ్యి లోపల పెట్టిన ప్రతిసారీ పక్కలనుంచి బయటికొచ్చే కాంతి కుంచె మీద పడుతుంది. టేబుల్ మీద తెల్ల టవలో, అల్యూమినియం ఫాయిలో పరిస్తే ఆ కాంతి ఇంకా దూరం పోతుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఎండలోనూ ఇదే కాంతి ఉంది. ల్యాంప్‌కు కనీసం రెండు మూర్ల దూరంలో, కిటికీకి వీపు పెట్టి టేబుల్ వేసుకోండి. రంగు పోసుకున్న పాలెట్ మీద కూడా మూత ఉండాలి.

రంగు మార్చేటప్పుడు ఆల్కహాల్ అక్కర్లేదు. నూగు రాని నెయిల్ వైప్‌ను రెండు మడతలు వేసి, కుంచెను పడుకోబెట్టి, గొట్టం వైపు నుంచి మొన వైపుకు తిప్పుతూ లాగండి. ఎప్పుడూ అటు నుంచి ఇటే, వెనక్కి రుద్దొద్దు. తర్వాత కుంచెకు చుక్క క్లియర్ జెల్ అద్ది మళ్లీ తుడవండి. రెండుమూడు సార్లకు రంగు పోతుంది. మామూలు దూది వాడితే దాని పోగులు కుంచెలో చిక్కుకుని, మరుసటి గీతలో గోరు మీద తేలతాయి.

పని అయిపోయాక వైప్ మీద రెండు మూడు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి అదే తీరుగా లాగండి. కుంచెను సీసాలో ముంచొద్దు. ఆల్కహాల్ బదులు హ్యాండ్ శానిటైజర్ వాడేవాళ్లున్నారు. అందులో గ్లిజరిన్, చిక్కదనం కోసం కలిపే పదార్థాలు ఉంటాయి, అవి కుచ్చులోనే మిగిలిపోతాయి. చివరగా ఆవగింజంత క్లియర్ జెల్ అద్ది, వేళ్లతో కాకుండా వైప్ అంచుతో మొన తేల్చి, కాంతి చొరని మూత పెట్టండి. ఆల్కహాల్‌తో తుడిచి ఉత్తగా వదిలేస్తే వెంట్రుకలు పొడిబారి విచ్చుకుంటాయి. ఈ జెల్ వాటిని ఒక్కచోట పట్టి ఉంచుతుంది. మరునాడు ముందు దాన్ని తుడిచేసి పని మొదలుపెట్టాలి. మూత పారదర్శకంగా ఉంటే బ్రష్‌ను డబ్బాలోనో, సొరుగులోనో పెట్టండి.

మొన ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర మాత్రమే గట్టిపడితే ఒక ప్రయత్నం చేయొచ్చు: మొన వరకే అసిటోన్‌లో అర నిమిషం ముంచి, వైప్‌తో నొక్కి లాగాలి. నాలుగైదు సార్లకు రాకపోతే ఇక రాదు. ఆ కొనను ఏటవాలుగా కత్తిరించి, గోరు చుట్టూ అంటిన రంగును తుడిచే కుంచెగా వాడుకోండి.

ప్రశ్న: గోళ్లు పొడుగు చేసే ఎక్స్‌టెన్షన్లకు 10 నంబర్ కోలిన్‌స్కీ బ్రష్ కొన్న. మస్తు రేటు పెట్టిన. ఒకామె షాంపూతో కడుగుమంటే కడిగిన, చీపురు లెక్క ఇచ్చుకపోయింది. మళ్లీ మొన వస్తదా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: కొంతవరకు వస్తుంది. కోలిన్‌స్కీ అంటే సైబీరియా వైపు ఉండే ఒక చిన్న జంతువు తోక వెంట్రుక. మన తలవెంట్రుక లాగే దానికీ సహజమైన నూనె ఉంటుంది, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. షాంపూ ఆ నూనెను లాగేసింది, నీళ్లు వెంట్రుకలను ఎడం చేశాయి. ఇలాంటి బ్రష్‌ను అది పనిచేసే మోనోమర్‌తోనే (ఎక్స్‌టెన్షన్ కోసం అక్రిలిక్ పౌడర్‌తో కలిపే ద్రవంతోనే) కడగాలి. సబ్బు, నీళ్లు, అసిటోన్, ఆల్కహాల్ నాలుగూ దూరమే. పైగా కుచ్చులో తడి మిగిలితే మోనోమర్‌తో కలవదు, పూస (మోనోమర్ తడి కుంచెతో పౌడర్ అద్ది ఎత్తే ముద్ద) మబ్బుగా, బుడగలతో వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: చిన్న గాజు గిన్నెలో 5 మిల్లీలీటర్ల తాజా మోనోమర్ పోసి, కుచ్చు అడుగుకు తగలకుండా బ్రష్‌ను క్లిప్పుతో వేలాడదీసి, పైన కప్పండి. గంట తర్వాత తీసి వైప్ మీద తిప్పుతూ మొన తేల్చండి. సన్నటి టిష్యూ చీలికను కుచ్చు చుట్టూ కొన వైపుకు బిగించి చుట్టి, ఒక రోజంతా పడుకోబెట్టండి. రెండు మూడు సార్లకు కూడా కలవకపోతే దాన్ని పెద్ద పూసలకు ఉంచుకుని, క్యూటికల్ (గోరు మొదట్లోని చర్మం) దగ్గరి సన్న పనికి వేరేది కొనక తప్పదు.

రోజూ కడిగే పద్ధతి కూడా ఇదే గిన్నెతో. ముంచి, మెల్లగా తిప్పి, వైప్ మీద లాగండి. మోనోమర్‌లో పాల తెలుపు కనిపించకుండా పోయే వరకు మళ్లీ మళ్లీ చేయండి. ఆ వాడిన మోనోమర్‌ను పొరపాటున కూడా సీసాలోకి తిరిగి పోయకండి. పౌడర్‌లో బెంజోయిల్ పెరాక్సైడ్ ఉంటుంది. అది మోనోమర్‌తో కలిస్తే ల్యాంప్ లేకుండానే గట్టిపడే పని మొదలవుతుంది. సీసా మొత్తం పాడవుతుంది. బ్రష్‌లో పౌడర్ మిగిల్చి పక్కన పెడితే రాయిలా మారేది కూడా ఇందుకే. మన మే నెల ఎండల్లో, ఏసీ లేని గదిలో ఈ పని ఇంకా తొందరగా జరిగిపోతుంది. పూస ఎత్తేలోపే బిగుస్తుంటే గిన్నె మీద మూత పెట్టుకుని, నాలుగైదు పూసలకోసారి కుంచె తుడవండి.

పూస గట్టిపడి అంటుకుంటే గోటితోనో, పుషర్‌తోనో (క్యూటికల్‌ను వెనక్కి నెట్టే మెటల్ పరికరం) గీకొద్దు. ఒక్క గీకుడుకు పది వెంట్రుకలు తెగుతాయి. మోనోమర్‌లో కొన్ని గంటలు వేలాడదీస్తే మెత్తబడుతుంది. అప్పుడు ఆరెంజ్ స్టిక్‌తో (సన్నటి చెక్క పుల్లతో) కొన వైపుకు నెడితే జారి వస్తుంది.

కొత్త బ్రష్ గట్టిగా ఉంటే అది దారిలో మొన చెడకుండా పెట్టిన గంజి లాంటి జిగురు. పొడిగానే వేళ్ల మధ్య మెల్లగా నలిపి, ఆ పొడి దులిపి, తర్వాత మోనోమర్‌లో ముంచండి.

ఇంకొక్క మాట. లేబుల్ లేని సీసాల్లో చవకగా దొరికే మోనోమర్ కొనకండి. అందులో ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్) ఉండే అవకాశం ఉంది. గోళ్లకు హాని చేస్తోందన్న ఫిర్యాదులతో అమెరికాలో 1970ల్లోనే దాని మీద చర్య తీసుకున్నారు. ఈఎంఏ (ఇథైల్ మెథాక్రిలేట్) అని రాసి ఉన్నది చూసి కొనండి, పని చేసేటప్పుడు కిటికీ తెరిచి పెట్టండి.

ప్రశ్న: స్టేషనరీ షాపుల దొరికే అక్రిలిక్ రంగులతోని గోళ్లకు బతుకమ్మ పూలు, చేర్యాల బొమ్మల కండ్లు వేస్తున్న. బోరు నీళ్లతో కడిగితే ఆరినంక కుంచెలకు తెల్లగ పొట్టు పడుతుంది. ఎందుకు?
– ఒక విద్యార్థిని, జనగామ

జవాబు: అది రంగు కాదు, మీ నీళ్లలోని ఉప్పు. మన దిక్కు బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి పెచ్చుగా వెంట్రుకలకు పడతాయి. కడగడం బోరు నీళ్లతోనే కానివ్వండి, చివరిసారి మాత్రం తాగే ఫిల్టర్ నీళ్లలో ముంచి తీయండి. అరగ్లాసు చాలు.

పేర్లు దగ్గరగా ఉన్నా మీ అక్రిలిక్ రంగుకూ, పైన చెప్పిన మోనోమర్–పౌడర్ అక్రిలిక్‌కూ శుభ్రం చేసే తీరులో పోలికే లేదు. మీది నీళ్ల రంగు. తడిగా ఉన్నంతసేపు నీళ్లు, ఒక చుక్క షాంపూ చాలు. ఆరితే ప్లాస్టిక్ పొర అవుతుంది, నీళ్లకు లొంగదు. ఆరిపోయిన నైలాన్ కుంచెను ఆల్కహాల్‌లో కుచ్చు వరకే 10 నిమిషాలు ఉంచి, సబ్బుతో కడగండి. పని మధ్యలో రెండు గ్లాసులు పెట్టుకోండి, ఒకటి మురికి వదలడానికి, ఇంకోటి తేటగా కడగడానికి. కుంచెను గ్లాసులో నిలబెట్టి వదిలే అలవాటు ఉంటే ఇవాళే మానండి. మొన వంగుతుంది. గొట్టంలోకి నీళ్లు ఎక్కి చెక్క పిడి ఉబ్బుతుంది. ఆరినప్పుడు పిడి కుంచించుకుపోయి తల గిరగిరా తిరుగుతుంది.

నైలాన్ మొన వంగితే కుచ్చు వరకే వేడి నీళ్లలో (చెయ్యి పెడితే చురుక్కుమనేంత, మరిగేవి కాదు) పది సెకన్లు ముంచి, తేల్చి, పడుకోబెట్టి ఆరనివ్వండి. చేర్యాల కన్ను కోసమైతే 5 మిల్లీమీటర్ల లైనర్‌ను దానికొక్కదానికే విడిగా ఉంచుకోండి. నల్ల రంగు అంటిన కుంచెతో తెల్ల గునుగు వేస్తే బూడిద రంగు వస్తుంది, ఎంత కడిగినా కొంత నలుపు గొట్టం దగ్గర దాగి ఉంటుంది. తంగేడు పూలకు అసలు కుంచెలే అక్కర్లేదు, డాటింగ్ టూల్‌తో (కొన గుండ్రంగా ఉండే చుక్కల పుల్లతో) ఐదు చుక్కలు పెడితే సరి.

ప్రశ్న: ఒక్కటే బ్రష్ అందరి గోళ్లకు వాడుతున్నం. యూవీ స్టెరిలైజర్ డబ్బాల పెడితే సరిపోతదా?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: సరిపోదు. ఆ కాంతి పైపైన పడుతుంది, కుచ్చు లోపలికి పోదు. జెల్ మిగిలి ఉంటే అందులోనే గట్టిపడుతుంది కూడా. మరిగించినా జిగురు పోతుంది. కాబట్టి ముందే ఎంచుకోవాలి: గోరు రంగు మారినా, పుండు ఉన్నా, చీము ఉన్నా ఆ చేతికి ఆర్ట్ వేయొద్దు, డాక్టరుకు చూపించుకోమని చెప్పండి. రక్తం అంటిన కుంచెను పారేయండి, ఖరీదైనదైనా సరే. మెటల్ డాటింగ్ టూల్స్‌ను సబ్బుతో కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో 10 నిమిషాలు ఉంచొచ్చు.

మీ చేతుల సంగతి కూడా చూసుకోండి. కుంచెను ఎడమచేతి వేలి మీదే తుడిచేవాళ్లు చాలామంది. గట్టిపడని జెల్ పదేపదే చర్మానికి తగిలితే అక్రిలేట్ అలర్జీ వస్తుంది: వేళ్ల చివర్లు దురద, ఎరుపు, పొట్టు. వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఇలాంటి అక్రిలేట్ పదార్థాలు పళ్ల ఫిల్లింగుల్లోనూ వాడతారు గనుక అక్కడా ఇబ్బంది రావచ్చు. లేటెక్స్ గ్లవుజులు ఆపలేవు, నైట్రైల్‌వి వేసుకోండి, రంగు అంటితే వెంటనే మార్చండి.

ప్రశ్న: ఇంట్ల మామూలు నెయిల్ పాలిష్‌తోనే డిజైన్లు వేసుకుంట. ఆ బ్రష్‌కు అసిటోన్ వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: నైలాన్‌దైతే వాడొచ్చు. కుచ్చు వరకే ఐదారు సెకన్లు ముంచి తుడవండి, రెండుసార్లు చాలు. తర్వాత సబ్బు నీళ్లు. డిస్పోజబుల్ గ్లాసులో పోయకండి, కొన్ని ప్లాస్టిక్‌లు అసిటోన్‌కు కరిగి జిగటగా మారతాయి. గాజుదో స్టీలుదో గిన్నె పెట్టండి. పొయ్యి, దీపం, అగరుబత్తి ఉన్న గదిలో మూత తీయొద్దు, దాని ఆవిరి చప్పున అంటుకుంటుంది.

ప్రశ్న: కొత్తగ నేర్చుకుంటున్న. 15 బ్రష్‌ల సెట్టు కొనాల్నా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వద్దు. అందులో పది మీ చేతికి రావు. 7–9 మిల్లీమీటర్ల లైనర్ ఒకటి, పొడుగు గీతలకు 11–15 మిల్లీమీటర్లది ఒకటి, అంచులు తుడవడానికి ఏటవాలు కుంచె ఒకటి, రెండు కొనల డాటింగ్ టూల్ ఒకటి చాలు. షాపులో నీళ్లు అడిగి తడిపి విదిలించండి, వెంట్రుకలన్నీ ఒక్క మొనగా దగ్గరపడాలి. గొట్టాన్ని, పిడిని పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి, కదిలితే తీసుకోవద్దు. వాడుతుండగా ఒక్క వెంట్రుక పక్కకు లేస్తే పీకకండి, దానితో పాటు పక్కవి కూడా వదులవుతాయి. సన్నటి కత్తెరతో గొట్టం దగ్గర కత్తిరించండి.