కెమెరా ఈఎంఐ కట్టగలరు సరే, జీతం ఆగితే?

ప్రశ్న: ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో స్నేహితుడి డీఎస్‌ఎల్‌ఆర్‌తో వేడుకలకు ఫొటోలు తీస్తున్నాను. ఈమధ్య షోరూంలో ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాకు లెన్సులు మార్చి మార్చి చూశాను. బాడీకి రెండు నెలల జీతం, 24-70 ఎఫ్/2.8 జూమ్ లెన్సుకు నెలన్నర, 85 ఎఫ్/1.8కు అర నెల జీతం అవుతుంది. రెండేళ్లకు 14 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. బైకు ఈఎంఐతో సహా ఖర్చులన్నీ పోను జీతంలో 20 శాతం మిగులుతుంది. ఖాతాలో ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బుంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. మిగులులో ఈఎంఐ సరిపోతోంది కాబట్టి కొనే స్తోమత ఉన్నట్టేనన్న లెక్క మీ ఒక్కరిదే కాదు. చాలామంది ఇలాగే లెక్కేసుకుని, జీతం ఒక్క నెల ఆలస్యమైతే క్రెడిట్ కార్డు గీకుతున్నారు.

మీ జీతం 100 అనుకుందాం. తప్పనిసరి ఖర్చు 80. అప్పు 400. 24 నెలలకు ఈఎంఐ 19 దాటుతుంది. ఇక చేతిలో మిగిలేది ఒకటి కూడా ఉండదు. మొత్తం కట్టేది 461 దాకా అవుతుంది, అందులో వడ్డీయే 61. మీరు కోరుకున్న 85 లెన్సు ధర 50 మాత్రమే. ప్రాసెసింగ్ ఫీజు వేరే.

వడ్డీ కంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టేది మీ అత్యవసర నిధి. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా ఆరు నెలలు నెట్టుకురావడానికి ఇవాళ మీకు 480 కావాలి. ఉన్నది 80. లోన్ తీసుకుంటే తప్పనిసరి ఖర్చు 99కి చేరుతుంది, కావాల్సిన నిధి 595 అవుతుంది, దాన్ని కూడబెట్టడానికి మాత్రం పైసా మిగలదు. ఇప్పుడు నెల రోజులు ఆదుకునే ఆ 80 అప్పుడు 24 రోజులకే అయిపోతుంది. ఆపదలో కెమెరా అమ్మేద్దామన్నా కొన్న ధర రాదు. లెన్సుల ధర కాస్త నిలుస్తుంది గానీ, కొత్త మోడల్ రాగానే పాత బాడీ ధర పడిపోతుంది.

పైగా మీ లెక్కలో కొన్ని ఖర్చులు లేనే లేవు. మిర్రర్‌లెస్‌లో సెన్సరు, వ్యూఫైండర్ తెర ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి, రోజంతా జరిగే వేడుకకు ఒక్క బ్యాటరీ చాలదు. 4కే వీడియోకు వి30 లేదా వి60 వేగమున్న మెమరీ కార్డులు కావాలి.

నో కాస్ట్ ఈఎంఐ అంటారా, చాలాసార్లు నగదు మీద వచ్చే తగ్గింపు అందులో పోతుంది. బంగారం కుదువ పెడదామంటే, ఆపదలో అక్కరకు రావాల్సింది ఆ బంగారమే. క్రెడిట్ కార్డు మాట ఎత్తవద్దు. నెలకు 3 శాతం చొప్పున వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది.

మీ మిగులు 20లో 15 అత్యవసర నిధికి, 5 కెమెరాకు కేటాయించండి. 11 నెలల్లో మూడు నెలల ఖర్చులు చేతికొస్తాయి. అప్పటిదాకా కొత్త కెమెరా ఆలోచన పెట్టుకోకండి. ఆ తర్వాత కూడా నగదుకే కొనండి, ఆరు నెలల నిధి నిండేదాకా పొదుపు ఆపకండి.

ఈలోగా ఆ 5తో వీలైనప్పుడల్లా కెమెరా అద్దెకు తెచ్చుకోండి. షోరూం వెలుతురులో ఏ లెన్సయినా బాగానే ఉంటుంది. అసలైన వేడుకలో వాడితేనే సంగతి తెలుస్తుంది. తీసుకునేటప్పుడు లెన్సు అద్దాలను ఫోన్ టార్చి వెలుగులో చూసి, గీతలుంటే బిల్లు మీద రాయించండి. ఎఫ్/16 దగ్గర (లెన్సు రంధ్రం బాగా చిన్నదయ్యే అమరికలో) తెల్లగోడను ఒక ఫొటో తీయండి, సెన్సరు మీద దుమ్ముంటే మచ్చలుగా కనిపిస్తుంది. తిరిగిచ్చేటప్పుడూ అదే పని చేయండి, లేకపోతే ఆ మచ్చలు మీ డిపాజిట్‌కు కోత పెడతాయి. ఈ కెమెరాల్లో సెన్సరుకు అడ్డంగా అద్దం ఉండదు కాబట్టి, దుమ్ము పడకుండా కెమెరా ఆపి, మౌంట్ (లెన్సు తగిలించే చోటు) కిందికి ఉండేలా పట్టుకునే లెన్సు మార్చాలి. ఎల్‌ఈడీ దీపాల కింద ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే చారలు పడొచ్చు, మెకానికల్ షట్టర్‌తోనూ తీసి పోల్చుకోండి.

ఇంటికొచ్చాక ఫొటో వివరాల్లో ఏ ఫోకల్ లెంగ్త్ (24, 50, 70 లాంటి లెన్సు అంకె) దగ్గర ఎన్ని తీశారో లెక్కపెట్టండి. 24-70తో తీసినవాటిలో ఎక్కువ భాగం 50 చుట్టూ ఉంటే మీకు ఆ ఖరీదైన జూమ్ అక్కర్లేదు. చిన్న సెన్సరుండే ఏపీఎస్-సి బాడీకి 35 ఎఫ్/1.8 ఒక్కటి పెడితే దాదాపు అదే కోణం వస్తుంది. స్నేహితుడి లెన్సులు అరువు దొరికితే అడాప్టర్‌తో పని జరగొచ్చు. అయితే నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులను మిర్రర్‌లెస్‌కు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద, మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్సులకు ఆటోఫోకస్ రాదు.

కొన్న రోజే బాడీ, లెన్సుల సీరియల్ నంబర్లు రాసిపెట్టుకుని బీమా చేయించండి. ఇంటి బీమా ఉంది కదా అనుకోవద్దు, సంపాదనకు వాడే పరికరాలను చాలా పాలసీలు మినహాయిస్తాయి. డబ్బు తీసుకుని ఫొటోలు తీస్తున్నానని ముందే చెప్పి, బయట కింద పడినా, దొంగతనమైనా క్లెయిమ్ ఇస్తారో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.