నీ కథలో పెద్దావిడ మతిమరుపు గురించి

అమ్మాయీ,

కథ చదివాను. వచనం బాగుంది, జబ్బు కుదరలేదు. మూడో పేజీలో కన్నకొడుకునే పోల్చుకోలేని మనిషి, నాలుగో పేజీలో ఒక్కతే బ్యాంకుకెళ్లి పింఛను తెచ్చుకుంటుందా? మతి క్రమంగా తప్పిపోయే జబ్బుల్ని డిమెన్షియా అంటారు, అందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. అందులో ఏది ముందు పోతుంది, ఏది చివరిదాకా ఉంటుంది అన్నదానికి దాదాపు ఒక వరస ఉంది.

మొదట్లోనే దెబ్బతినేది మెదడులో కొత్త సంగతుల్ని నిలిపే హిప్పోకాంపస్ అనే భాగం. అందుకే పెళ్లినాటి విందు పూసగుచ్చినట్టు చెబుతుంది, పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు. అడిగిందే అడుగుతుంది. ఆమెకు మాత్రం ప్రతిసారీ అదే మొదటిసారి. "ఇందాకే చెప్పాను కదత్తయ్యా" అని కోడలు విసుక్కుంటే, ఆ పిల్ల అబద్ధమాడుతోందనుకుంటుంది. పర్సు తనే బియ్యం డబ్బాలో దాస్తుంది. దాచిన సంగతి గుర్తులేదు గనక పనిమనిషి తీసిందంటుంది. నీ కథకు ప్రాణం ఈ దశే, ఇక్కడ తొందరపడకు.

డబ్బు లెక్కలు, మందుల వేళలు ముందే తప్పుతాయి. వంట ఒక్కరోజులో పోదు. పోపు చెయ్యి తిరిగినట్టే పెడుతుంది, చారులో ఉప్పు మాత్రం రెండుసార్లు పడుతుంది. నీళ్లు పోయకుండానే కుక్కరు ఎక్కిస్తుంది. తర్వాత ఏ చీర కట్టాలో తేల్చుకోలేదు, ఆపైన కట్టుకోవడమే రాదు. స్నానానికి మొండికేస్తుంది. పొద్దు వాలేసరికి సొంతింట్లోనే ఉండి "మా ఇంటికి పోతా" అని గుమ్మం దిగుతుంది. మూత్రం మీద పట్టు ఆ తర్వాత పోతుంది. చివరికి మాట, నడక, మింగడం. అన్నం మెతుకులు ఊపిరితిత్తుల్లోకి జారి వచ్చే న్యుమోనియాతోనే చాలామంది పోతారు. ఇదంతా ఏళ్ల వ్యవహారం.

ఈ జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టర్ అల్జీమర్, 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో తన రోగి ఆగస్టె డేటర్ గురించి రాసుకున్నది చూడు. ఆమె కాలీఫ్లవర్, పంది మాంసం తింటోంది. ఏం తింటున్నావంటే పాలకూర అంది. అంతే రాశాడు, అయ్యోపాపం అనలేదు. నీ ఆరో పేజీలో ఆ అయ్యోపాపాలన్నీ కొట్టెయ్.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తికమకపడితే అది వేరు: మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, కొత్త మందో వెతకాలి. పక్షవాతం వచ్చినప్పుడల్లా ఒక్కో మెట్టు దిగజారితే అది రక్తనాళాల డిమెన్షియా. నీ కథలోలా గదిలో లేని పిల్లలు మొదట్లోనే కనబడుతుంటే లూయీ బాడీ అనే మరో రకం డిమెన్షియా కావచ్చు. అలాంటివాళ్లకు భ్రమలు తగ్గడానికిచ్చే హాలోపెరిడాల్ అనే మందు ప్రాణాల మీదికి తేవచ్చు. నీ డాక్టరు పాత్ర ఆ మందే రాసిచ్చాడు. తెలిసి రాయించావో, తెలియకో నాకు చెప్పు.