పువ్వుల బొమ్మలు గీసే అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. రికార్డుల్లో బొమ్మలు చాలా బాగా వేస్తుంది. పెరట్లో పూల మీద వాలే తేనెటీగల్ని గంటలకొద్దీ చూస్తూ గీస్తుంది. పాతకాలపు మొక్కల పుస్తకాల్లోని బొమ్మలు నెట్‌లో చూసి, ‘నేనూ ఈ పనే చేస్తా, నీట్ రాయను’ అంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. ఇందులో బతుకుతెరువు ఉంటుందా?
– ఒక తల్లి, పెద్దాపురం

జవాబు: అమ్మా, మీ పాప చూస్తున్న పుస్తకాల్లో ఒకటి మీ పక్క ఊళ్లోనే మొదలైంది. 1780లలో విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు సామర్లకోటలో తోట వేసి, ఇక్కడి చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి 1820 వరకు లండన్‌లో మూడు సంపుటాలుగా వచ్చిన ఆయన పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. మన మోదుగ, తాటి అందులో ఉన్నాయి. గీసినవాళ్ల పేర్లు మాత్రం లేవు, అది నాకు ఇప్పటికీ బాధే. తర్వాతి తరంలో రాబర్ట్ వైట్ అనే వృక్షశాస్త్రవేత్త తన చిత్రకారులు రంగయ్య, గోవిందుల పేర్లు చెప్పుకున్నాడు. ఒక ఆర్కిడ్ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) గోవిందు పేరే పెట్టాడు.

ఈ బొమ్మల్లో అందం ఒక్కటే కాదు. పేజీ అడుగున పువ్వును విప్పి, భాగాలన్నీ విడివిడిగా చూపిస్తారు. పాపను మోదుగ పువ్వు ఒకటి గీయమనండి. దాని రేకులకు పేర్లున్నాయి: ధ్వజం, బాహువులు, చిలుక ముక్కులా వంగిన ద్రోణి. ద్రోణిని బ్లేడుతో నిలువునా చీలిస్తే లోపల పుప్పొడినిచ్చే కేసరాలు పది, తొమ్మిది కలిసి, ఒకటి విడిగా. తేనెపిట్ట ముక్కు పెట్టినప్పుడు పుప్పొడి దాని ఒంటికి ఎక్కడ అంటుకుంటుందో గీయగలిగితే, ఆమెకు బొమ్మతోపాటు బోటనీ కూడా వచ్చినట్టే. 1699లో మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి కూతుర్ని వెంటబెట్టుకుని సురినామ్ వెళ్లి చేసింది ఇలాంటి పనే. పురుగు, ప్యూపా, సీతాకోకచిలుక, అవి తినే మొక్క, అన్నీ ఒకే పేజీలో చూపించింది.

అందుకే నా సలహా: ముందు సైన్సు చదివించండి, బొమ్మ పక్కనే సాగనివ్వండి. డిగ్రీలో బోటనీ మేజర్, ఆ తర్వాత ఎమ్మెస్సీ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరాగసంపర్కం మీద ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది, అటువైపు వెళ్లొచ్చు. ఈఏపీసెట్ మాత్రం తప్పక రాయించండి. ర్యాంకు వస్తే వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం కాలేజీల్లో బీఎస్సీ హార్టికల్చర్ చేయొచ్చు, ఉద్యోగానికి అది గట్టి దారి. సైన్సు వద్దే వద్దంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో చిత్రకళ డిగ్రీ బీఎఫ్ఏ ఉంది. కానీ పువ్వును కోసి చూడటం వచ్చిన చిత్రకారులు తక్కువ, ఆ బలాన్ని వదులుకోవద్దని నా మాట.

ఇక డబ్బు సంగతి. ‘మొక్కల చిత్రకారిణి’ అనే పేరుతో నెల జీతం ఉద్యోగాలు చాలా తక్కువ, ఇది దాచను. అయితే కొత్త జాతిని కనుక్కున్న శాస్త్రవేత్తకు ఇప్పటికీ చాలాసార్లు ఇంకుతో గీసిన బొమ్మ కావాలి, ఎందుకంటే ఫొటోలో లోపలి నిర్మాణం అంత స్పష్టంగా కనబడదు. ఫీల్డ్ గైడ్లకు, పార్కుల్లో బోర్డులకు, పాఠ్యపుస్తకాలకు కూడా ఇలాంటి బొమ్మలు కావాలి. ఇవన్నీ పనిని బట్టి వచ్చే డబ్బులు కాబట్టి, పక్కన టీచింగో రీసెర్చో ఉంటే నిశ్చింత. పాత పుస్తకాలంటేనే ప్రాణమైతే డిగ్రీ తర్వాత నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ (పాత వస్తువుల్ని బాగుచేసి కాపాడే చదువు) ఎంఏ ఉంది. పురుగు పట్టిన కాగితాన్ని బాగుచేసే పనికి కెమిస్ట్రీ తప్పనిసరి. అందుకని ఇంటర్ కెమిస్ట్రీని పక్కన పడేయవద్దని చెప్పండి.

నీట్ కోసం బలవంతం చేయకండి. చలికాలం పోతూనే మీ వైపు మోదుగలు పూస్తాయి. ఆ లోపు ఒక మంచి భూతద్దం, కొన్ని డ్రాయింగ్ పెన్నులు కొనిపెట్టండి. గీసిన ప్రతి బొమ్మ కింద తేదీ, చోటు, ఎన్ని రెట్లు పెద్దది చేసి గీసిందో రాసుకోమనండి.