ఆదివారం బౌలింగు, సోమవారం వేలినొప్పి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. రిటైరయ్యాక మళ్లీ క్రికెట్ లెదర్ బాల్ పట్టుకున్నాను. ఆదివారం పొద్దున ఎనిమిది ఓవర్లు ఆఫ్ స్పిన్ వేస్తాను. సోమవారానికి చూపుడువేలి మధ్య కణుపు వాచిపోతోంది, బుధవారం దాకా తగ్గడం లేదు. ఎక్స్‌రే తీసి అరుగుదల అన్నారు. మానేయాల్సిందేనా?
– ఓ పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అరుగుదల అన్నంత మాత్రాన మానేయక్కర్లేదు. కానీ ఇప్పటిలాగే వేస్తుంటే ఆ కణుపు ఊరుకోదు. ఆఫ్ స్పిన్‌లో చూపుడువేలినీ మధ్యవేలినీ బంతి కుట్టుకి, అంటే సీమ్‌కి అడ్డంగా, బాగా ఎడంగా పెట్టి బంతిని బిగిస్తారు, చూపుడువేలితో తిప్పుతారు. వేలి కణుపేమో మడవడానికీ చాపడానికీ ఉన్నది. దానిమీద పక్కనుంచి బలం పడితే రెండు వైపులా ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లే కాయాలి. వయసు మీదపడి కణుపు అరిగాక అవి అంత బలాన్ని ఓర్చుకోలేవు. లోపలి పొర రేగి నీరు చేరుతుంది. మీకు సోమవారం కనిపించే వాపు అదే.

కాబట్టి మందుకన్నా ముందు గ్రిప్ మార్చండి. వేళ్ల మధ్య ఎడం ఇప్పుడున్నదానికన్నా ఓ సెంటీమీటరు తగ్గించండి. చూపుడువేలు సీమ్ మీద ఆనాలి గానీ దాన్ని చీల్చేలా నొక్కకూడదు. టర్న్ కొంత పోతుంది, నిజమే. ఆ లోటు బంతిని గాల్లో ఎత్తుగా వేసే ఫ్లైట్‌తోనూ, క్రీజులో కాస్త అటూ ఇటూ జరిగి వేయడంతోనూ పూడ్చుకోవచ్చు. ఈ వయసులో క్యారమ్ బాల్ జోలికి మాత్రం వెళ్లొద్దు. మధ్యవేలితో విదిలించే ఆ బంతి బొటనవేలి మొదలును కూడా పాడుచేస్తుంది.

నెట్స్‌లో మ్యాచ్ బంతి అవసరం లేదు. అది దాదాపు 156 నుంచి 163 గ్రాములు, చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు. అండర్-13 పిల్లల బంతి 133 నుంచి 144 గ్రాములే, చుట్టుకొలత కూడా 22 సెంటీమీటర్లు దాటదు. వారం మధ్యలో లైన్, లెంగ్త్ సాధనకు అది చాలు. ఆదివారం కూడా ఎనిమిది ఓవర్లు ఒక్క బిగిన వద్దు, రెండు స్పెల్స్‌గా వేయండి. మర్నాటికి నొప్పి మామూలు స్థితికి వచ్చేస్తే అన్ని ఓవర్లు మీకు సరిపడుతున్నట్టు. రాకపోతే పై వారం రెండు ఓవర్లు కోసేయండి.

బయల్దేరే ముందు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు చేతులుంచి, నీళ్లలోనే వేళ్లు మెల్లగా మడిచి చాపండి. డిసెంబరు, జనవరిల్లో మంచుకు తడిసిన బంతి జారుతుంటే తెలియకుండానే గట్టిగా పిసుకుతారు. నొప్పి సగం అక్కడే మొదలవుతుంది. నడుముకి తువ్వాలు దోపుకుని ప్రతి బంతికీ తుడవండి. ఆట అయ్యాక వేడిగా వాచి ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టండి.

నొప్పి తగ్గించే పైపూత మందు డైక్లోఫెనాక్ జెల్ పనిచేస్తుంది. చెయ్యి మొత్తానికైతే ఒకసారికి 2 గ్రాములు, ఒక్క కణుపుకైతే అంతకన్నా చాలా తక్కువ సరిపోతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు రాయొచ్చు. రాశాక గంటసేపు చెయ్యి కడగొద్దు, పైన కట్టు కట్టొద్దు, కాపడం పెట్టొద్దు. మ్యాచ్‌కి ముందు రాయకండి. వేళ్ల జిడ్డు బంతికి అంటితే అది నిబంధనలకు విరుద్ధం, పైగా గ్రిప్ జారుతుంది. నొప్పి మాత్ర వేసుకుని బౌలింగుకి దిగడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఆపమని చెప్పే నొప్పిని అది నోరు మూయిస్తుంది. బీపీ, కిడ్నీ సమస్య, అల్సర్ ఉన్నవారూ, రక్తం పలచబడే మందులు వాడేవారూ డాక్టర్ని అడక్కుండా ఆ మాత్రలు ముట్టకూడదు.

టేపు సంగతి. బౌలింగ్ చేతికి టేపు ఉంటే అంపైర్లు తీసేయమనడం మామూలే, ముందే అడగండి. ఫీల్డింగులో మాత్రం నొప్పి వేలిని పక్కవేలితో కలిపి కట్టొచ్చు. అరంగుళం టేపుతో కణుపుకి పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు వేసి, కణుపు మీద వదిలేయండి. వేళ్ల మధ్య పలచగా దూది పెట్టకపోతే చర్మం చెమటకు నానుతుంది. ఉంగరాలు ఇంట్లోనే తీసి రండి.

ఒక్క హెచ్చరిక. రెండు చేతులకూ, ముఖ్యంగా పిడికిలి కణుపులకు వాపు వచ్చి, పొద్దున్నే బిగుసుకున్న వేళ్లు గంట దాటినా సడలకపోతే అది అరుగుదల కాకపోవచ్చు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్లమీద దాడిచేసే జబ్బు) అనుమానించి రుమటాలజిస్టును, అంటే కీళ్లవాత నిపుణుణ్ని, త్వరగా కలవాలి.

ప్రశ్న: 57 ఏళ్లు, మీడియం పేసర్‌ని. బొటనవేలి మొదట్లో నొప్పి. ఊరగాయ జాడీ మూత తిప్పలేను, బండి తాళం తిప్పినా కలుక్కుమంటోంది. పట్టు కోసం రబ్బరు బంతి నొక్కుతున్నాను.
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ రబ్బరు బంతి ఇవాళే పక్కన పెట్టండి. మణికట్టు దగ్గర బొటనవేలి మొదలు కణుపు అరిగినప్పుడు గట్టిగా నొక్కే వ్యాయామం మంట పెంచుతుంది. దానికి బదులు నాలుగు వేళ్లకూ బొటనవేలికీ రబ్బరు బ్యాండు వేసి నెమ్మదిగా తెరవండి, పదిసార్లు, నొప్పి లేనంత మేరకే. బంతి పట్టేటప్పుడు బొటనవేలి కొసతో పొడవకుండా, దాని పక్కభాగం సీమ్ కింద ఆనేలా పెట్టండి. బొటనవేలిని కదలకుండా పట్టి ఉంచే ఆసరా పట్టీ, స్ప్లింట్, ఇంటి పనుల్లో వాడుకోండి. జాడీ మూత ఇంకొకరికి ఇచ్చేయండి, అందులో నామోషీ ఏం లేదు.

ప్రశ్న: మిర్చి యార్డులో పని. షుగరుంది. పొద్దున్నే ఉంగరపు వేలు మడిచాక తెరుచుకోదు, పట్టి లాగితే టక్కుమంటుంది. మిరపకాయతో చేసిన క్రీము రాయమంటున్నారు.
– గుంటూరు

జవాబు: ఇది కణుపు జబ్బు కాదు, ట్రిగ్గర్ ఫింగర్. వేలు మొదట్లో, అరచేతి వైపు, నరం అని మనమనే స్నాయువు ఓ గొట్టంలోంచి జారుతుంది. అది ఉబ్బితే అక్కడ ఇరుక్కుంటుంది. షుగరున్నవారిలో ఎక్కువ. టక్కుమనిపించి చూసుకోవడం మానండి, ఆ ఒరిపిడితో వాపు పెరుగుతుంది. ఆరు వారాలు రాత్రిపూట వేలు చాపి ఉంచే స్ప్లింట్ వాడి చూడాలి. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్, అదీ కుదరకపోతే చిన్న ఆపరేషన్. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, పరీక్షించుకుంటూ ఉండండి. ఇక ఆ క్రీము మోకాలికైతే ఫరవాలేదు గానీ చేతివేళ్లకు వద్దు. ఆ చేత్తోనే కళ్లు నలుపుకుంటారు. యార్డులో ఉన్న మీకు ఆ మంట గురించి వేరే చెప్పాలా!

ప్రశ్న: రిటర్న్ క్యాచ్‌కి వేలికొస తగిలి వంగిపోయింది, సొంతంగా చాపలేను. లాగితే సరిపోతుందా?
– పటమట, విజయవాడ

జవాబు: లాగనివ్వొద్దు. ఎక్స్‌రే తీయించండి. కొసను చాపే స్నాయువు తెగినప్పుడు చివరి కణుపును చాపి, స్ప్లింటులో ఆరు నుంచి ఎనిమిది వారాలు, రాత్రింబగళ్లు ఉంచాలి. మధ్య కణుపు మామూలుగా మడవచ్చు. స్ప్లింట్ మార్చేటప్పుడు వేలికొసను బల్లమీద ఆనించి ఉంచండి. ఒక్కసారి వంగిందా, లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచే.